తూకపురాళ్ళూ, ఆటగాళ్ళూ

అమెరికా వారి ఫుట్‌బాల్ పరిభాషలో 'అండర్‌సైజ్‌డ్' అని ఒక విశేషణం ఉంది. రక్షణపంక్తికి నట్టనడుమ నిలిచే డిఫెన్సివ్ టాకిల్ అనే ఆటగాడి విషయంలో ఈ మాటను వాడినంత విరివిగా, అంత అజాగ్రత్తగా వేరే ఏ మాటనూ వాడరని నా అభియోగం. ఏటా ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్‌కు ముందు కళాశాలల నుంచి వచ్చే యువకుల మీద పరిశీలకులు పుటలకొద్దీ నివేదికలు రాస్తారు. ఎవడైనా ఆరడుగుల ఒక అంగుళం ఎత్తుతో, 285 పౌన్ల (129 కిలోల) బరువుతో కనబడ్డాడా, ఆ నివేదిక మొదటి వాక్యంలోనే ఈ విశేషణం వచ్చి కూర్చుంటుంది. తరువాతి వాక్యాలన్నీ దానికి వ్యాఖ్యానాలే.

తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. పిట్స్‌బర్గ్‌లో కుమారుని ఇంట కొన్ని శరత్కాలాలు గడిపి, ప్రతి ఆదివారం ఈ ఆట చూశాను. నియమాలు తలకెక్కడానికి ఒక ఏడాది పట్టింది. ఆట కన్నా ఆటను గురించి మాట్లాడేవారి భాష నన్ను ఎక్కువగా ఆకర్షించింది. లక్షణ విచారం నా వృత్తి. ఒక మాటను పట్టుకుని ఒకరి జీవికను నిర్ణయిస్తున్నప్పుడు ఆ మాటకు లక్షణం సరిగా ఉన్నదా లేదా అని అడిగే అధికారం నాకున్నదనే అనుకుంటాను.

ఆ మాట కింద మూడు వేరువేరు లోపాలను కలిపి మూటగట్టారు. ఒకటి పొట్టితనం, రెండోది తేలికతనం, మూడోది చేతుల కురచదనం. మన భాషలో వీటికి మూడు మాటలున్నాయి. వారికి ఒకటే చాలింది. అట్లాంటా జట్టు 2015లో అయిదో విడతలో, 137వ స్థానంలో తీసుకున్న గ్రేడీ జారెట్ పొట్టివాడే కాని తేలికవాడు కాడు; 300 పౌన్లు దాటినవాడు. పొట్టివాడి భుజం సహజంగానే ఎదుటివాడి భుజం కిందికి పోతుంది. తోపులాటలో ఎవడు కిందనుంచి తోస్తే వాడిదే పైచేయి. ఇదే జారెట్ 2017 ఫిబ్రవరి నాటి సూపర్ బౌల్‌లో టామ్ బ్రేడీని మూడుసార్లు పడగొట్టాడు. అతని జట్టు ఓడింది, అది వేరే కథ. పొట్టితనం దోషమైన చోట అది గుణం కూడా అయి కూర్చుంది. తర్కశాస్త్రంలో అవ్యాప్తి, అతివ్యాప్తి అని లక్షణ దోషాలు చెబుతారు. ఈ విశేషణానికి రెండూ పట్టాయి: పనికిరానివారిని అందరినీ పట్టుకోలేదు, పనికివచ్చేవారిని మాత్రం పట్టుకుంది.

అసలు అడగవలసిన ప్రశ్న, ఇతడు ఎక్కడ నిలబడతాడు, ఏం చేస్తాడు అన్నది. డిఫెన్సివ్ టాకిల్ అన్న పేరు ఒకటే అయినా పనులు రెండు. బంతిని వెనక్కి అందించే సెంటర్‌కు ఎదురుగా నిలిచేవాణ్ణి నోస్ టాకిల్ అంటారు. అతని మీదికి సెంటరూ, గార్డూ ఇద్దరూ కలిసి వస్తారు. ఇద్దరి బరువూ కలిపితే 600 పౌన్లు, అంటే 270 కిలోల పైమాటే. వారిని ఆపి తన పక్కనున్న రెండు సందులనూ మూయడం అతని పని. ఇక్కడ 280 పౌన్లవాణ్ణి నిలబెడితే వాణ్ణి వెనక్కి ఊడ్చుకుపోతారు. ఈ విషయంలో పరిశీలకులతో నాకు పేచీ లేదు. 2022లో ఫిలడెల్ఫియా జట్టు 13వ స్థానంలో తీసుకున్న జోర్డన్ డేవిస్ 341 పౌన్లవాడు. ఆ పనికి అటువంటివాడు కావలసిందే. రెండోది, గార్డు వెలుపలి భుజానికి ఎదురుగా నిలిచే స్థానం. దాన్ని త్రీ-టెక్నిక్ అంటారు. ఇతనికి ఒకటే సందు. బంతి కదిలిన క్షణంలో ఆ సందులోకి దూరి, వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ మీద పడాలి. ఇక్కడ మొదటి అడుగే సర్వస్వం. అరక్షణం ముందు కదిలినవాడి మీద రెండోవాడి చెయ్యి పడదు. పడని చేతికి ఎంత బరువుంటే ఏమిటి? ఛందస్సు చెప్పేటప్పుడు గురువు ఉండవలసిన చోట లఘువు పడితే గణం చెడుతుందని చెప్పేవాణ్ణి. లఘువు ఉండవలసిన చోట గురువు పడినా చెడుతుందని కూడా ఆ నోటితోనే చెప్పేవాణ్ణి. ఈ రెండో సూత్రం పరిశీలకులు చదువుకోలేదు.

ఇక ఆరన్ డొనాల్డ్ సంగతి చెప్పక తప్పదు. మనవాళ్ళు వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళే పెన్ హిల్స్‌లోనే అతని ఉన్నత పాఠశాల చదువు సాగింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2013లో ఒక్క ఏడాదే ప్రత్యర్థులను వారి గీత వెనకనే 28.5 సార్లు పడగొట్టాడు. (ఇద్దరు కలిసి పడగొడితే చెరిసగం. ఈ లెక్క నాకు నచ్చింది.) ఆ ఏడాది రక్షణ ఆటగాళ్ళకిచ్చే పెద్ద పురస్కారాలన్నీ అతనివే. ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షలో 285 పౌన్లు తూగి, 40 గజాలు 4.68 సెకన్లలో పరుగెత్తి, 225 పౌన్ల బరువును 35 మార్లు ఎత్తాడు. అయినా 2014 డ్రాఫ్ట్‌లో 12 మంది తరువాతనే అతని పేరు పిలిచారు. తీసుకున్న సెయింట్ లూయిస్ రామ్స్ వారు అదే సాయంత్రం తమ రెండో స్థానపు అవకాశాన్ని గ్రెగ్ రాబిన్సన్ అనే దాడిపంక్తి ఆటగాడి మీద వినియోగించారు. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, 332 పౌన్ల బరువు, చూపుకు కొండ. 2017లో అతణ్ణి డెట్రాయిట్‌కు ఇచ్చివేశారు. ఆ 2017లోనూ, తరువాత 2018, 2020లలోనూ దేశంలోకెల్లా ఉత్తమ రక్షణ ఆటగాడు డొనాల్డే. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్ చివర సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్‌ను పట్టి తిప్పేసి ఆటను ముగించినదీ అతడే. 2024లో విరమించేనాటికి 111 శాక్‌లు. పదేళ్ళు ఆడితే పదేళ్ళూ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు.

"ఒక్క డొనాల్డ్‌ను చూపి సిద్ధాంతం చేస్తారా? విఫలమైన చిన్నవాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి?" అని ప్రతివాది అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 2010లో నాలుగో విడత దాకా, 120వ స్థానం దాకా ఎవరూ తాకని జీనో ఆట్కిన్స్ ఎనిమిదిసార్లు ప్రో బౌల్‌కు ఎంపికైన సంగతి చెప్పినా అతడు ఒప్పుకోడు, గెలిచినవారినే ఏరుకున్నావంటాడు. సరే, గెలిచినవారిని పక్కన పెడదాం. చిన్నవాడు విఫలమైతే కారణం అతని పరిమాణం అని రాస్తారు. పెద్దవాడు విఫలమైతే శ్రద్ధ లేదనీ, శిక్షణ కుదరలేదనీ రాస్తారు. పెద్దతనమే కారణమని రాసిన నివేదిక ఒక్కటీ నా కంటబడలేదు. ఒక పక్షానికి ఒక హేతువు, రెండో పక్షానికి మరో హేతువు పెట్టుకుంటే ఏ లెక్కయినా మనకు కావలసినట్టే తేలుతుంది. దీన్ని పరిశీలన అనరు.

ఈ సందర్భంలో కొందరు మిత్రులు వామనావతారాన్ని ఉదాహరించమంటారు. ఆ పోలిక నాకు రుచించదు. వామనుడు పెరిగి త్రివిక్రముడయ్యాడు. ఈ కుర్రవాడు పెరగడు. పెరగకుండానే ఆడాలి. పెరగమని బలవంతం చేయడంలోనే అసలు కీడు ఉంది. తూకం రోజు కోసం నెలల తరబడి తిని 20 పౌన్లు పెంచుకుంటారు. ఆ పెరుగుదలలో కండ ఎంతో, కొవ్వు ఎంతో కాటా చెప్పదు. మొదటి అడుగు వేగం తగ్గిందా అనీ చెప్పదు. ఉన్న ఒక్క గుణాన్నీ అమ్ముకుని లేని గుణాన్ని కొనుక్కోవడం ఇది. 1990లో డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని జాన్ రాండల్, మిన్నెసోటా వారి తూకానికి సరిపోవడం కోసం దుస్తుల కింద ఇనుప గొలుసు కట్టుకుని కాటా ఎక్కాడని చెబుతారు. ఆ తరువాత అతడు 137.5 శాక్‌లు సాధించి 2010లో హాల్ ఆఫ్ ఫేమ్ చేరాడు. ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. గొలుసు దొరకనివాడు ఇంటికి పోయి ఉంటాడు.

ఇది మాటల పట్టింపు మాత్రమే అనుకోవద్దు. 2011లో సంఘానికీ యజమానులకూ కుదిరిన ఒప్పందం తరువాత కొత్త ఆటగాడి నాలుగేళ్ళ జీతాన్ని ఎన్నికైన వరుస సంఖ్యే దాదాపుగా నిర్ణయించేస్తుంది. మొదటి విడతకూ అయిదో విడతకూ మధ్య లక్షలలో కాదు, కోట్ల డాలర్లలో తేడా రావచ్చు. మోకాలు ఒక్కసారి మెలిపడితే ముగిసిపోయే వృత్తిలో ఆ నాలుగేళ్ళే కొందరికి మొత్తం సంపాదన. ఒక విశేషణం ఖరీదు అంత.

రెండో ముఠాను కూడా వదలను. డొనాల్డ్ తరువాత చిన్నగా, వేగంగా ఉన్న ప్రతివాణ్ణీ 'మరో డొనాల్డ్' అనడం మొదలుపెట్టారు. 2023లో టాంపా బే జట్టు 19వ స్థానంలో తీసుకున్న కలైజా కాన్సీ విషయం చూడండి. అదే విశ్వవిద్యాలయం, 281 పౌన్లు, 40 గజాలు 4.67 సెకన్లలో. ఇంకేం, పోలిక పూర్తయిందన్నారు. చేతుల కొలత మాత్రం చూడలేదు. డొనాల్డ్ చెయ్యి 32 అంగుళాలన్నర దాటింది. కాన్సీది 30న్నర మీద కొంచెం. ఎవడి అరచేయి ముందుగా ఎదుటివాడి రొమ్ముకు తగులుతుందో వాడు రెండోవాణ్ణి నడిపే ఆటలో రెండంగుళాలు చిన్న సంగతి కాదు. ఒకరు బరువు చూసి తోసేస్తే, మరొకరు వేగం చూసి ఎత్తుకున్నారు. ఆటను ఇద్దరూ చూడలేదు.

కాన్సీ 2024లో 12 ఆటల్లోనే 7.5 శాక్‌లు సాధించాడు. సంతోషమే. అతణ్ణి చూడదలచినవారు ఆ ఏడున్నరను పక్కన పెట్టి, ప్రత్యర్థి బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆటలు వరుసగా 50 చూడండి. గార్డు చేతులు అతణ్ణి ముందుగా అందుకున్నప్పుడు మణికట్టు దగ్గర వాటిని విదిలించుకోగలుగుతున్నాడా? ఇద్దరు కలిసి తోసినప్పుడు ఎన్ని గజాలు వెనక్కి పోతున్నాడు? నాలుగో పావులో అలసిన కాళ్ళతో కూడా ఆ మొదటి అడుగు పడుతోందా? ఇవి చూసి రాసిన నివేదికలో 'అండర్‌సైజ్‌డ్' అని ఉన్నా నేను అభ్యంతరం చెప్పను.