కంప్యూటరుకూ ఒక పరిశీలనల పట్టిక

జ్వరంతో ఆసుపత్రిలో చేరిన రోగి మంచం దగ్గర ఒక చార్టు ఉంటుంది. నర్సు కొన్ని గంటలకొకసారి వచ్చి, ఒంటి వేడి చూసి, వేళతో సహా అందులో రాసి వెళుతుంది. డాక్టరుగారు రాగానే ఆ చార్టు అందుకుంటారు. ఇప్పుడు జ్వరం ఎంత ఉందో థర్మామీటరు చెబుతుంది. ఎప్పుడు పెరిగింది, మందు వేశాక తగ్గిందా, సాయంత్రంపూట మళ్లీ వస్తోందా అన్న సంగతులు తెలియాలంటే చార్టు ఉండి తీరాలి.

మన పాఠశాలల్లోని కంప్యూటర్లకు కూడా అటువంటి చార్టు ఉండాలని నా అభిప్రాయం. దాన్ని రాయించవలసింది విద్యార్థులే.

“సార్, ఈ కంప్యూటరు చాలా నిదానం” అన్న ఫిర్యాదు ఏ కంప్యూటరు గదిలోనైనా వినిపించేదే. ఎంత నిదానం? ఎప్పటి నుంచి? ఏ పని చేస్తున్నప్పుడు? అని అడిగితే జవాబు రాదు. “పాతదైపోయింది, కొత్తది కొనాలి” అన్న తీర్పు మాత్రం వెంటనే వచ్చేస్తుంది. లోలకం ప్రయోగం చేసి, ఆవర్తన కాలం దగ్గర “కొంచెం ఎక్కువే ఉంది” అని రికార్డులో రాస్తే మార్కులు వేస్తామా? మరి కంప్యూటరు విషయంలో ఆ మాటను ఎలా ఒప్పుకుంటాం?

కొలిచే సాధనం కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. విండోస్ ఉన్న కంప్యూటరులో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసరు, మెమరీ, డిస్కుల గ్రాఫులు కదులుతూ కనిపిస్తాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. కాని మామూలుగా ఆ గ్రాఫులో ఉండేది గడచిన 60 సెకన్ల సమాచారమే. ఎడమవైపుకు జారిపోయిన గీత మళ్లీ దొరకదు. అది థర్మామీటరు వంటిదే గాని చార్టు కాదన్నమాట.

విండోస్‌లోనే పెర్ఫార్మెన్స్ మానిటర్ అనే మరొక సాధనం ఉంది. ఏ కొలతలు కావాలో, ఎన్ని సెకన్లకొకసారి కావాలో చెబితే అది వరుసగా ఫైలులో రాసుకుంటూ పోతుంది. అయితే మామూలుగా అది రాసే ఫైలు తనవంటి ప్రోగ్రాములకు తప్ప ఇతరులకు అర్థంకాని సంకేత రూపంలో ఉంటుంది. తూకం వేసిన వ్యాపారి లెక్క నోటితో చెప్పి, చీటీ మాత్రం చూపించనంటే మనం ఊరుకుంటామా? ఇక్కడా ఊరుకోనక్కరలేదు. రీలాగ్ అనే ఆదేశం ఆ ఫైలును అందరూ చదవగల ఫైలుగా మార్చి ఇస్తుంది. టైప్‌పెర్ఫ్ అనే ఆదేశమైతే మొదటి నుంచీ అటువంటి ఫైలునే రాస్తుంది. లైనక్స్ వాడే పాఠశాలల్లో సార్, సాడ్‌ఎఫ్ అనే ఆదేశాలు ఇదే పని చేస్తాయి.

అందరూ చదవగల ఆ ఫైలు పేరు సి.ఎస్.వి. అంటే కామాలతో విడదీసిన విలువలు. ఒక్కొక్క పరిశీలనకు ఒక్కొక్క వరుస. ఉదాహరణకు ఇలా అనుకోండి:

10:15:00, 22, 1640
10:15:05, 97, 310
10:15:10, 95, 290

మొదటిది వేళ. రెండవది ప్రాసెసరు పనిలో ఉన్న శాతం. మూడవది ఖాళీగా ఉన్న మెమరీ, మెగాబైట్లలో. మీ రికార్డు పుస్తకంలోని పరిశీలనల పట్టికకూ దీనికీ తేడా ఏముంది? గళ్ల గీతలకు బదులు కామాలున్నాయి, అంతే! ఎక్సెల్‌లో గాని, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో గాని తెరవగానే గళ్లు వాటంతటవే ఏర్పడతాయి. సగటు కట్టవచ్చు, గ్రాఫు గీయవచ్చు, రెండు కంప్యూటర్లను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

పోల్చితే ఏం లాభం? యంత్రం మొరాయించిన ప్రతిసారీ ప్రాసెసరు తీరికగానే ఉండి, ఖాళీ మెమరీ మాత్రం దాదాపు నిండుకుంటోందనుకోండి. అప్పుడు మెమరీ కొంత పెంచితే సరిపోవచ్చు. డిస్కు ఒక్కటే ఊపిరాడకుండా ఉంటే, దాన్ని మార్చి చూడవచ్చు. యంత్రం మొత్తాన్ని పారవేయనక్కరలేదు. 2022లో ప్రపంచమంతటా పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్లు లెక్కకు దొరికినది నాలుగో వంతు కూడా లేదు. ఆ గుట్ట మీదికి మన పాఠశాల కంప్యూటరును కూడా పంపేముందు ఒక పట్టిక చూడటం ఎక్కువ పనేమీ కాదు.

అయితే పట్టికను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. 5 సెకన్ల సగటు 20 శాతం అని ఉంటే, ప్రాసెసరు ఒక సెకను పూర్తిగా పనిచేసి నాలుగు సెకన్లు ఊరకే ఉండి ఉండవచ్చు. తేదీతో మరో చిక్కు ఉంది. పై విండోస్ ఆదేశాలు నెలను ముందు, రోజును తరవాత రాస్తాయి. మనం రోజును ముందు రాస్తాం. అందువల్ల మార్చి 4న తీసిన కొలతలు స్ప్రెడ్‌షీటులో ఏప్రిల్ 3కు మారిపోవచ్చు! మీరు చేత్తో ఏదైనా సంఖ్య చేర్చేటప్పుడు 1,00,000 అని కామాలతో రాస్తే, ఒక్క సంఖ్య మూడు గళ్లలో పడుతుంది.

ఇంకొకటి వరుసల లెక్క. సెకనుకొక కొలత తీస్తే రోజుకు 86,400 వరుసలు. పాత రకం ఎక్సెల్ ఫైలులో పట్టేది 65,536 మాత్రమే. కొత్తదానిలో 10,48,576, అంటే సుమారు 12 రోజులు. ఇదంతా చాదస్తం అనుకోకండి. 2020లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలు సి.ఎస్.వి. ఫైళ్లలో వచ్చేవి. వాటిని పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించగా, హద్దు దాటిన వరుసలు జారిపోయాయి. ఆ విధంగా సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. వారితో మెలిగినవారిని హెచ్చరించే పని కూడా ఆలస్యమైంది.

“పిల్లలకు ఇదంతా ఎందుకు? మెకానిక్కు చూసుకుంటాడు” అనేవారున్నారు. మెకానిక్కు వచ్చేసరికి కంప్యూటరు బుద్ధిగా పనిచేస్తూ ఉంటుంది! అది మొరాయించిన వేళ దాని ముందు కూర్చున్నది మీరే. ఆ వేళ ఎన్ని ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయో చెప్పగలవారూ మీరే.

కనుక మీ ఉపాధ్యాయుల అనుమతితో ఒక వారం ప్రయత్నించండి. 5 సెకన్లకొక కొలత చాలు. 40 నిమిషాల పీరియడుకు 480 వరుసలు వస్తాయి. ఏ వేళకు ఏ పని చేశారో పక్కన ఒక కాగితం మీద రాసుకోండి. కొలతలతో వచ్చిన ఫైలును ముట్టుకోకుండా దాచి, దాని నకలు మీద లెక్కలు కట్టండి. కొత్త కంప్యూటరు కావాలో, పాతదానికే చిన్న మరమ్మతు చాలునో అడగడానికి ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లేటప్పుడు ఆ పట్టికనూ, గ్రాఫునూ తీసుకెళ్లండి. వారు తిరిగి ప్రశ్నలు వేస్తే, ఈసారి జవాబు మీ దగ్గరే ఉంటుంది.