బండి ఏ దారిన పోవాలి?

పిల్లలూ! సరుకుల బండి పది ఇళ్లకు వెళ్లాలి. ఏ ఇల్లు ముందు, ఏది తరువాత? ఇలాంటి వరుసలు ఎన్నో తెలుసా? 36,28,800! నమ్మకపోతే ఒకటి నుంచి పది దాకా అంకెలన్నీ గుణించి చూడండి.

అమెరికాలో బంకులకు పెట్రోలు చేరవేసే లారీలది ఇదే చిక్కు. 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ అనేవారు అన్ని వరుసలూ చూడనక్కరలేకుండా, మంచిదారికి దగ్గరగా చేర్చే లెక్క ఒకటి చెప్పారు. ఇప్పుడు అలాంటి లెక్కలు కంప్యూటర్లు చేస్తున్నాయి. బండిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలందుకొని, తానెక్కడుందో కొట్టువారికి చెబుతుంది.

కాని మూడో అంతస్తుకు మూట మోయడానికి ఎంతసేపు పడుతుందో ఉపగ్రహానికేం తెలుసు? ఆ నిమిషాలు లెక్కలో వేయకపోతే, పరుగెత్తవలసింది బండి తోలే మనిషే. ఈసారి మీ ఇంటికి సరుకు ఆలస్యంగా వస్తే, ఆయనకు మంచినీళ్లిచ్చి అడగండి: "మా ఇల్లు మీ వరుసలో ఎన్నోదండీ?"