ఖాలా కంగన్‌లు, నాలుగు లక్షల సూది

మొన్న జుమా అయ్యాక ఖాలా ఫోన్ చేసింది. "బేటా, నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు కదా, నిజం చెప్పు. స్టెమ్ సెల్ సూది వేస్తే గుర్దాలు మళ్ళీ పనిచేస్తాయంట. నాలుగు లక్షలంట. నా షాదీ కంగన్‌లు ఇంకా ఉన్నాయి." ఆమె కొడుక్కి వారానికి మూడుసార్లు డయాలసిస్. వాట్సాప్‌లో ఎవరో ఒక క్లినిక్ వీడియో పంపారు.

వెంటనే వద్దనలేకపోయాను. తల్లి ఉమ్మీద్‌ని ఒక్క మాటతో తుంచేయడానికి నోరు రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి వీడియోలు ఒక్క మా ఖాన్‌దాన్‌కే రావడం లేదు.

ఒక్కో గుర్దాలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రక్తాన్ని వడగట్టే జల్లెడలు అవే. పుట్టాక మనిషికి కొత్త నెఫ్రాన్లు తయారు కావు. విరేచనాలతోనో పాముకాటుతోనో హఠాత్తుగా దెబ్బతిన్న గుర్దా చాలాసార్లు తనంతట తానే కోలుకుంటుంది. షుగర్, బీపీలతో ఏళ్ళ తరబడి మచ్చకట్టిపోయిన గుర్దా సంగతి వేరు. ఈ ఫరక్ వీడియోలో ఎవరూ చెప్పరు.

ఎముక మజ్జ నుంచో, కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీసే మెసెంకైమల్ కణాలు గుర్దాగా మారిపోవు. వాపును తగ్గించే పదార్థాలను వదులుతాయి, అంతే. ఎలుకల్లో ఫలితాలు ఆశ పుట్టించాయి. మరి మనుషుల్లో? గుండె ఆపరేషన్ తర్వాత గుర్దాలు దెబ్బతిన్న 156 మందిపై ఉత్తర అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కణాలు ఎక్కించుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే త్వరగా కోలుకోలేదు. 2010లో వచ్చిన కేసు ఇంకా భయపెట్టేది. థాయిలాండ్‌లో ఒక లూపస్ మరీజ్ గుర్దాల్లోకి ఆమె సొంత కణాలనే సూదితో ఎక్కిస్తే, ఆ గుర్దాల్లో గడ్డలు లేచాయి. "మన కణాలే కదా, నుక్సాన్ ఏముంది" అనేవాళ్ళు ఈ ఒక్క కేసైనా వినాలి.

తహకీక్ ఆగాలని నేననడం లేదు. 2015లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు స్టెమ్ సెల్స్‌తో ల్యాబ్‌లో చిట్టి గుర్దా కణజాలాన్ని పెంచి చూపించారు. సుభానల్లాహ్ అనిపించే పని. కానీ దాన్ని మనిషిలో అమర్చే రోజు ఇంకా రాలేదు.

మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు సాఫ్‌గానే ఉన్నాయి. రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ ఇలాజ్ ఏదైనా అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో మరీజ్ దగ్గర పైసలు తీసుకోకూడదు. అంటే నాలుగు లక్షలు అడగడమే ధోఖాకి సుబూత్.

"హలాలేనా?" అని కూడా అడిగింది ఖాలా. పెద్దవాళ్ళ నుంచీ బొడ్డుతాడు నుంచీ ఇజాజత్‌తో తీసిన కణాలకు మక్కా ఫిఖ్ కౌన్సిల్ 2003లోనే జాయిజ్ అంది. దీన్ అడ్డు కాదు. ప్రతి బీమారీకి షిఫా ఉందని నమ్ముతాం, కానీ ఆ షిఫా ఈ సిరంజిలోనే ఉందని ఎవరు చెప్పారు? నాకు కోపం వచ్చేది ఇంకోచోట. సూదికి నగలమ్మే మనం, గుర్దా మార్పిడి మాటెత్తితే గుసగుసలాడతాం. జెద్దా ఫిఖ్ అకాడమీ 1988లోనే షరతులతో దానికి ఇజాజత్ ఇచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ ఉంది.

సోమవారం ఖాలాతో కలిసి నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. జీవన్‌దాన్‌లో పేరు ఎలా రాయించాలి, ఇంట్లో ఎవరి గుర్దా సరిపోతుంది అని కాగితం మీద రాసుకున్నాం. రెండో ప్రశ్న పక్కన ఖాలా తన పేరే మొదట రాయించింది.