ముగ్గుర్ని కనమంటున్నారు సరే, వాళ్ళు తాగే నీళ్ళేవండి?



ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ముసలోళ్ళు పెరిగిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు గారే చెబుతున్నారు. ఇంకోపక్క చదువుకున్న కుర్రాళ్ళేమో జనం తగ్గితేనే పర్యావరణం బాగుపడుద్దంటున్నారు. నాకు రెండూ తప్పుగానే కనిపిస్తున్నాయండి.

ముందు కుర్రాళ్ళ మాట చూద్దాం. మనం ఎప్పుడో తగ్గించేశాం కదా! 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకి మన ఆంధ్రాలో అది 1.7. ఎవరో పర్యావరణం పాఠం చెప్పారని కాదు. రెండెకరాలు ముగ్గురు కొడుకులకి పంచితే గట్లే మిగులుతాయని, ఆడపిల్ల కట్నానికి ఇంకో ఎకరం పోతుందని లెక్కేసుకుని తగ్గించాం. (ఆపరేషన్ మాత్రం ఆడోళ్ళకే చేయించాం, అది వేరే సంగతి.)

మరి పిల్లలు తగ్గాక కాలవలు బాగుపడ్డాయా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, కాలవ నీళ్ళతో మంచినీళ్ళ చెరువు నింపుకుని బిందెలతో మోసుకుని తాగిన ఊళ్ళండి మనవి. ఇప్పుడు అదే కాలవ పక్కన ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నాం. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. ఒకడు వదిలిన నీళ్ళు డ్రైన్లో పడతాయి, కింద ఇంకోడు అవే తోడుకుంటాడు. మధ్యలో వరి వేసినోడి చేనుకి ఉప్పు ఊట. కొల్లేరులో 2006లో చెరువు గట్లు పేల్చేశారు, చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఇందులో మూడో బిడ్డ చేసిందేముందండి? ఇవన్నీ తవ్వింది ఇద్దరు పిల్లలున్న ఇళ్ళవాళ్ళే. ఆ రొయ్య వెళ్ళేది అమెరికాకి.

ఇక ప్రభుత్వం మాట. ముసలితనంలో తోడు కోసం ముగ్గుర్ని కనాలంట. ఉన్న ఇద్దర్లో ఒకడు హైదరాబాదు, ఒకడు డల్లాస్. ఊడ్పులకి బయట రాష్ట్రాల కూలీల కోసం ఫోన్లు చేసుకుంటున్నాం. మూడోవాడు మాత్రం ఊళ్ళో ఉంటాడా? ఉప్పుపట్టిన చేలో ఏం పండించుకుని ఉంటాడు? కనమనే ముందు డ్రైన్లు తవ్వించండి, వేసవిలో శివారు దాకా నీళ్ళివ్వండి, అనుమతి లేని చెరువులు ఆపండి.

మనకీ ఓ పనుందండి. ఈసారి సర్పంచి అభ్యర్థి మీ గుమ్మంలోకొస్తే పిల్లలెంతమందని అడగక్కర్లేదు. నీ చెరువు నీళ్ళు ఏ డ్రైన్లోకి వదులుతున్నావయ్యా అని అడగండి.