మనీ ప్లాంటూ, నా నోటి దూలా

జగ్‌దల్‌పూర్‌లో మా పక్కింటి పిన్నిగారు ఓ రోజు మనీ ప్లాంటు తీగ తెచ్చారు. ఎవరింట్లోనో చెప్పకుండా తుంచుకొచ్చారట. దొంగిలించి నాటితేనే డబ్బొస్తుందనీ, ఆగ్నేయం మూలే పెట్టాలనీ ఆవిడ నమ్మకం.

హేతువాదిని కదా, ఊరుకోలేకపోయాను. "పిన్నిగారూ, దీని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టిందే 1880లో. మరి మన పాత వాస్తుకి దీని దిక్కు ఎలా తెలిసింది? దొంగతనం కూడా అనవసరం. కణుపున్న ముక్క నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. అడిగితే ఎవరైనా ఇస్తారు" అన్నాను.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "డబ్బు రాదు గానీ, గాలి శుభ్రమవుతుంది. నాసా వాళ్లే చెప్పారు" అని కూడా అనేశాను.

ఆ చలికాలం ఓ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తలుపులు, కిటికీలు బిగించి ఉన్నాయి. గది మధ్యలో బొగ్గుల కుంపటి, మూలన మనీ ప్లాంటు. "మొక్క ఉందిగా, నువ్వే చెప్పావు" అన్నారు పిన్నిగారు. నాకు గుండె జారిపోయింది. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ముందు కిటికీ తెరిచాను.

ఇంటికొచ్చాక, నేను ముందే చేయాల్సిన పని చేశాను. నాసా నివేదిక చదివాను. అది 1989 నాటిది. ఆ ప్రయోగాలు జరిగింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. మన ఇళ్లు అలా ఉండవు. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టారు. భవనాల్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలట!

"ఋషులు చెప్పారు" అంటే నవ్వే నేను, "నాసా చెప్పింది" అన్న మాటని చదవకుండానే నమ్మాను. ఇంకొకరి చేత నమ్మించాను కూడా. పిన్నిగారి నమ్మకం వల్ల పోయేది ఎవరి పెరట్లోనో ఒక తీగ ముక్క. నా నమ్మకం వల్ల ఒక ప్రాణమే పోయేదేమో. ఆవిణ్ణి అడిగిన ప్రశ్నే నన్ను నేను ఎందుకు వేసుకోలేదు?

మనీ ప్లాంటు పెంచుకోండి, కంటికి హాయిగా ఉంటుంది. సీసాలో పెడితే నీళ్లు వారానికోసారి పూర్తిగా మార్చండి. లేకపోతే దోమలు పెరుగుతాయి, ఆ బాధ బస్తర్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలకీ పెంపుడు జంతువులకీ అందనివ్వకండి.

పిన్నిగారి మొక్క ఇప్పటికీ ఆగ్నేయం మూలే ఉంది. అక్కడ వెలుతురు బాగుంది కాబట్టి నాకేమీ అభ్యంతరం లేదు. పక్కన కిటికీ మాత్రం తెరిచి ఉంటోంది.