సీటు దొరికింది, చోటు దొరికిందా?

ఎంసెట్ అనే పాత పేరు మన నోళ్లలోంచి ఇంకా పోలేదు గానీ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడది ఈఏపీసెట్. ర్యాంకు వచ్చిన ప్రతి ఇంట్లోనూ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పట్టిక డౌన్‌లోడ్ చేసుకుంటారు. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే పట్టిక అది. కాలేజీ కోడ్, ఊరు, జిల్లా, పెట్టిన సంవత్సరం, కో-ఎడ్యుకేషనా ఆడపిల్లల కాలేజీయా, కేటగిరీల వారీగా చివరి ర్యాంకు, ట్యూషన్ ఫీజు, ఏ యూనివర్సిటీకి అనుబంధం, అన్నీ అందులో ఉంటాయి. హాస్టల్ ఉందా అన్న గడి మాత్రం ఉండదు. ఉంటే ఎన్ని మంచాలు, ఫస్టియర్ వాళ్లకు ఇస్తారా, మెస్ బిల్లు ఎంత, లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా తీసి ఉంటుంది, ఇవేవీ తెలియవు. పద్దెనిమిదేళ్ల పిల్ల నాలుగేళ్లపాటు ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో, సాయంత్రాలు ఎవరి మధ్య గడుపుతుందో తెలియకుండానే ఆప్షన్లు ఫ్రీజ్ చేసేస్తున్నాం.

ఆ గడులు ఆ పట్టికలో చేర్చాలి. ల్యాబుల వివరాలు, అధ్యాపకుల జాబితాలు కాలేజీలు అనుబంధ గుర్తింపు కోసం ఎలాగూ ఇస్తూనే ఉంటాయి. వాటితోపాటు హాస్టల్ లెక్క కూడా అడగడం, అడిగింది జనానికి కనిపించేలా పెట్టడం కష్టమైన పనేమీ కాదు.

ఎందుకింత పట్టుబట్టాలంటే, క్లాసు రోజుకు ఆరేడు గంటలే. చదువుకు వచ్చిన పిల్ల మనిషిగా ఎదిగేది మిగతా గంటల్లో. పైగా మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో గడిపి వస్తున్నారు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఎప్పుడో ఒకసారి ఔటింగ్. ఖాళీ సాయంత్రం చేతికొస్తే ఏం చేసుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. నాటకం వేయడం, టీమ్ ఎంపికలో గొడవపడి మళ్లీ కలిసిపోవడం, వేరే జిల్లా యాసను వెక్కిరించకుండా వినడం, జ్వరమొచ్చిన రూమ్మేటుకు అర్ధరాత్రి మందు తెచ్చిపెట్టడం, ఇవన్నీ బీటెక్ మొదటి ఏడాదిలోనే మొదలు కావాలి. అందుకు తగిన చోటు ఉన్న కాలేజీకి, లేని కాలేజీకి మధ్య ఉన్న తేడా నా లెక్కలో బ్రాంచి తేడా కన్నా పెద్దది.

హైదరాబాద్ చుట్టూ ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మొయినాబాద్, మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. చాలావాటిలో రోజంతా కాలేజీ బస్సు వేళల చుట్టూనే తిరుగుతుంది. సాయంత్రం బస్సులు కదిలిపోయాక అక్కడ మిగిలేది వాచ్‌మన్లే. గ్రౌండు ఉంటుంది, ఆడేవాళ్లుండరు. ఆడిటోరియం ఏడాదికోసారి యాన్యువల్ డేకి తెరుస్తారు. పిల్లలేమో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ప్రైవేటు హాస్టళ్లలో ఉంటూ, రోజూ గంటల తరబడి బస్సులో ఊగుతూ ఉంటారు.

నిరుడు మా చెల్లెలి కూతురికి అలాంటి కాలేజీలోనే సీటొచ్చింది. సత్తుపల్లి నుంచి వాళ్లు దిగితే నేనూ వెంట వెళ్లి కూకట్‌పల్లి వైపు హాస్టళ్లు చూశాను. ఒకచోట హాలును ప్లైవుడ్ చెక్కలతో గదులుగా విడగొట్టారు. ఫోర్ షేరింగ్ గదిలో నాలుగు మంచాలు వేశాక తలుపు సగమే తెరుచుకుంటోంది. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుంది. టేబుల్ లేదు, కుర్చీ లేదు. చదువుకునేది ఎక్కడమ్మా అని అడిగితే, "బెడ్డు మీదే మేడమ్, అందరూ అంతే" అంది వార్డెన్. గోడ మీద మెనూ బాగానే ఉంది. ఇడ్లీ, పూరీ, ఉప్మా, ఆదివారం బగారా అన్నం, చికెన్. డాబా మీద బట్టలారేస్తున్న సెకండియర్ అమ్మాయిని మా పిల్ల మాటల్లో పెట్టింది. "కాలేజీ బస్సు ఆరు యాభైకి. ఇక్కడ టిఫిన్ ఏడున్నరకు పెడతారు. అందుకే పొద్దున మేమెవరం తినం" అందా అమ్మాయి. మెనూలో రాసిన టిఫిన్లకు కూడా కలిపే నెలనెలా డబ్బు కడుతున్నారు ఆ పిల్లలు.

ఇలాంటి హాస్టళ్లు ప్రభుత్వాల కంటికి కనిపించకపోలేదు. నెలకు 20,000 రూపాయల లోపు అద్దె ఉండి, కనీసం 90 రోజులు ఉండేవాళ్లకు జీఎస్టీ మినహాయిస్తూ 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది. మంచిదే. పన్ను దగ్గర ఇంత వివరంగా ఆలోచించినప్పుడు, ఒక్కో మంచానికి ఎంత జాగా ఉండాలి, చదువుకోవడానికి బల్ల ఉండాలా వద్దా అన్నది కూడా ఆలోచించాలి కదా. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లో ఈ బయటి హాస్టళ్ల ప్రస్తావన ఉంది. క్యాంపస్ వెలుపల నడిచే ప్రైవేటు హాస్టళ్లు, లాడ్జీలు స్థానిక పోలీసుల దగ్గర నమోదు కావాలి, అందుకు కాలేజీ అధిపతి సిఫారసు కూడా ఉండాలి అని అందులో రాశారు. అంటే గేటు బయట పిల్లలు ఎక్కడ ఉంటున్నారో మాకు తెలియదు అని కాలేజీ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. నేను చూసిన హాస్టళ్లలో ఈ నిబంధన సంగతి తెలిసిన యజమాని ఒక్కరూ తగల్లేదు.

చదువుకు చోటు వెతుక్కోవడం మనవాళ్లకు పాత కష్టమే. ఊరు విడిచి వచ్చిన పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్న రోజులున్నాయి. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, పడక ఏ అరుగు మీదో. ఆ వారాలు కూడా కులం చూసి పెట్టినవే. దళితుల పిల్లలకు ఆ గడపలు తెరుచుకోలేదు. హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది, ఆ ఏడే రెడ్డి హాస్టల్ కూడా మొదలైంది. రచయిత సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు పప్పన్నంతోపాటు తెలుగు పుస్తకం, సభలు, చర్చలు అక్కడ దొరికాయి. వరంగల్‌లో 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీలో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లకు. కాబట్టి అక్కడ హాస్టల్ లేకుండా కాలేజీ అన్న ఊహే రాలేదు. సీటు ఇచ్చినవాడే చోటూ చూపించాలన్న పద్ధతి మనకు ఒకప్పుడు ఉండేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంజినీరింగ్ కాలేజీలు వందల్లోకి పెరిగాక ఆ పద్ధతి జారిపోయింది. సీటు కాలేజీది, చోటు మీ బాధ్యత అయిపోయింది.

ప్రభుత్వమే రెండూ ఇచ్చిన చోట్ల ఏం జరుగుతోందో కూడా చెప్పుకోవాలి. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ, అంటే మనం ట్రిపుల్ ఐటీలు అని పిలిచే క్యాంపస్‌ల విశ్వవిద్యాలయం, నిజంగా గొప్ప ఆలోచన. పదో తరగతి కాగానే ఊళ్ల పిల్లలను తీసుకొచ్చి, ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉంచి ఇంజినీర్లను చేయడం దాని ఉద్దేశం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ క్యాంపస్‌లు అలాగే పుట్టాయి. కానీ 2022 జూన్‌లో బాసర పిల్లలు ఎండావానల్లో గేటు దగ్గర రోజుల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలన్నారు, మెస్ బాగు చేయమన్నారు, పడకలు, ల్యాప్‌టాప్‌లు ఇవ్వమన్నారు. మరుసటి నెలలోనే మెస్ భోజనం తిని పెద్ద సంఖ్యలో పిల్లలు అస్వస్థులయ్యారు. క్యాంపస్ కట్టడం ఒక ఏడాది ఖర్చు, దాన్ని బతికించడం ఏటా ఖర్చు. ఆ రెండో ఖర్చు దగ్గరే చేతులు వెనక్కి పోతున్నాయి.

సంక్షేమ హాస్టళ్ల సంగతీ అంతే. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు పట్టుబట్టి ఆ హాస్టళ్ల కోసం పనిచేశారు కాబట్టి, ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కిన ఎందరో డిగ్రీ దాకా రాగలిగారు. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. పెంచినందుకు సంతోషమే. కానీ పెరిగిన లెక్కలో కూడా రోజుకు 70 రూపాయలు, మూడు పూటలకు కలిపి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20,000 అన్నారు. పది నెలలకు పంచితే నెలకు రెండు వేలు. ఆ డబ్బుతో కూకట్‌పల్లిలో నేను చూసిన ఆ బల్ల లేని మంచం కూడా రాదు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. మన తల్లిదండ్రులు హాస్టల్‌కు వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న, గేటు ఎన్నింటికి వేస్తారు అని. ఎంత తొందరగా వేస్తే అంత మంచి హాస్టల్ అని నమ్మకం. భయం నాకూ తెలుసు, ఆడపిల్లలను పెంచిన ఇల్లే మాది. కానీ లైబ్రరీ రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండి, అమ్మాయిల గేటు ఏడున్నరకే మూస్తే, ఆ లైబ్రరీ సగం పిల్లలకు లేనట్టే. కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర ఆంక్ష మీద కోర్టుకు వెళితే, ఈ తాళం ఆడపిల్లలకే ఎందుకని కేరళ హైకోర్టు 2022లో నిలదీసింది. మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా ఇళ్లలోనే పుట్టలేదు. గేటు వేళకన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి: రాత్రి రెండింటికి పిల్లకు కడుపునొప్పి వస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆస్పత్రికి ఏ బండిలో తీసుకెళ్తారు? వార్డెన్ అదే బిల్డింగులో పడుకుంటుందా? ఫస్టియర్ వాళ్లకు బ్లాకు వేరుగా ఉందా? ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522 అనే నంబరు గోడ మీద కనిపిస్తోందా?

ఇవి అడగడానికి ఆదివారం సాయంత్రమో, వర్షం పడిన రోజో వెళ్లాలి. అడ్మిషన్ల సీజన్లో కాలేజీ వాళ్లు పిలిచినప్పుడు వెళ్తే వాళ్లు చూపించిందే చూస్తాం. మెస్‌లో డబ్బు కట్టి ఒక పూట తినాలి. నీళ్లు నాలుగో అంతస్తు బాత్రూములో వస్తున్నాయో లేదో తిప్పి చూడాలి. గ్రౌండులో ఆడుతున్నవాళ్లు ఉన్నారా, నోటీసు బోర్డు మీద ఫీజు బకాయిల జాబితా తప్ప నాటకమో క్విజ్జో రాసిన కాగితం ఏమైనా ఉందా చూడాలి. తండ్రులు వార్డెన్‌తోనో కాలేజీ పరిపాలనాధికారితోనో మాట్లాడుతుంటే, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లలను నేను చాలామందిని చూశాను. ఆ అరగంటా పిల్లను మెస్‌లో సీనియర్ల మధ్య వదిలేసి, పెద్దవాళ్లు బయట చెట్టు కింద కూర్చోవాలి. అక్కడ ఉండబోయేది ఆ పిల్ల. తనకు ఏం అడగాలనిపిస్తే అది తననే అడగనివ్వాలి.