చాపకూడు నేర్పిన యుద్ధనీతి

కార్తిక అమావాస్య నాటికి పల్నాటి నల్లరేగడి చేలలో పత్తి విచ్చి తెల్లబడును. మిరప తోటలు పూతపిందెలతో నిండుగా నుండును. ఆ దినములలోనే కారెంపూడిలో వీరుల ఉత్సవము మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఐదు దినములపాటు పన్నెండవ శతాబ్దపు రణగాథ మరల కన్నులకు గట్టును. వీరాచారవంతులు తమ వంశములలో తరతరములుగా భద్రపరచుకొన్న ఆయుధములను నాగులేటి నీట శుద్ధిచేసి, ఊరేగించి, వీరుల గుడికి గొనిపోవుదురు. ఆ ఆయుధములను చూచుటకు జనము విరగబడును.

మందపోరునాడు చాపకూడు జరుగును. దానిని పలువురు ఉత్సవములోని ఒక అన్నదానముగానే భావింతురు. ఫొటోలు తీయువారు కూడ కత్తులకిచ్చిన శ్రద్ధ విస్తళ్ళకీయరు. కాని నిజము విచారించినచో, ఆ ఐదు దినములలో యుద్ధకళకు అతి సమీపమైన ఘట్టము ఆ భోజనమే.

కథ తెలుగువారెరిగినదే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు సవతి సోదరులు. వారి వెనుక నాయకురాలు నాగమ్మయు, బ్రహ్మనాయుడును నిలిచిరి. కోడిపందెములో ఓడి మలిదేవుని పక్షము వలసపోయెను. రాయబారిగా పోయిన అలరాజు హతుడయ్యెను. తుదకు కారెంపూడి కడ నాగులేటి యొడ్డున ఇరుపక్షములు కత్తులు దూసెను. ఈ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, మాచర్ల చెన్నకేశవుని సన్నిధికి అందరిని రానిచ్చెననియు, మాలకులమున పుట్టిన కన్నమదాసును పుత్రునిగా స్వీకరించి సేనానాయకుని గావించెననియు ప్రతీతి. దీనిని కొందరు సంఘసంస్కరణమందురు. కొందరు వైష్ణవభక్తి యందురు. రెండును సత్యములే కావచ్చును. అయితే మంత్రియైన బ్రహ్మనాయునికి తన కొద్దిపాటి సేన ఏనాటికైన పెద్ద సేన నెదుర్కొనవలసివచ్చునని తెలియకపోలేదు. ఆ దృష్టితో చూచినచో చాపకూడు ఒక సైనిక వ్యవస్థ.

ఇది గాథయే గాని శాసనము కాదని చరిత్రకారు లాక్షేపింపవచ్చును. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యము యుద్ధము ముగిసిన రెండు శతాబ్దులకు పైబడిన పిమ్మట పుట్టినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించువరకు అచ్చులో చదువుకొనువారికి దొరకనిది. ఆ యాక్షేపణ న్యాయమైనదే. అయినను ఒక జాతి తన వీరులు గట్టిగా నిలుచుటకు కారణమేమని తలచినదో చెప్పుటకు గాథను మించిన సాక్ష్యము లేదు. పల్నాటి గాథ ఆ కారణమును కండబలమునందు గాక కలిసిన భోజనమునందు చూపినది.

శత్రువు కనుచూపు మేరలో నున్నంతవరకు యుద్ధము సేనాపతిది. వాడు పది అడుగుల కడకు వచ్చిన పిమ్మట అది నలుగురైదుగురిది. అచ్చట దుందుభి వినబడదు, జెండా కనబడదు. ప్రక్కనున్నవాని మోచేయి మాత్రము తెలియును. ఎడమచేత డాలు, కుడిచేత కత్తి పట్టినవానికి కుడిప్రక్క బోసిగా నుండును. ఆ ప్రక్కను కాపాడవలసినది కుడివైపునున్నవాడు. వాడు ఒక్క అడుగు వెనుకకు వేసినచో వీని ప్రాణము గాలిలో దీపము. క్రీస్తుపూర్వము 418లో మాంటినీయా కడ జరిగిన పోరును వర్ణించుచు గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీసు ఇట్టి విషయమునే గుర్తించెను. ప్రతి సైనికుడును పొరుగువాని డాలు చాటునకు జరుగుచుండుటచే సేనలన్నియు కుడివైపునకు ఒరుగుచుండునట. భయము మనుష్యుని పొరుగువాని చెంతకు త్రోయును. ఆ పొరుగువానిపై నమ్మక మున్నచో అదే భయము వరుసను బిగించును. నమ్మకము లేనిచో వరుసను చెదరగొట్టును.

పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి సేనాని ఆర్దాఁ ద్యు పిక్ ప్రాచీన యుద్ధములను పరిశీలించి ఒక కఠోర సత్యమును పైకి దీసెను. ముఖాముఖి నిలిచి పోరాడునంతసేపు మరణించువారు తక్కువ. ఒక పక్షము వెన్నుచూపిన పిమ్మటనే ఊచకోత జరుగును. అనగా దగ్గరి పోరులో జయాపజయములు కత్తివేటు కంటె ముందుగా, ఎవరి వరుస మొదట చెదరునన్న ప్రశ్నలో తేలును. వ్యక్తిగత శౌర్యము కంటె సైనికులకు గల పరస్పర పరిచయమే వరుసను నిలుపునని అతని సిద్ధాంతము. అతడు 1870 నాటి యుద్ధములో గాయపడి మరణించెను. అతని గ్రంథములో 1880లో వెలువడినది కొంతభాగము మాత్రమే. పల్నాటి పేరు అతడు విని యుండడు. అయినను అతడు వ్రాతలో తేల్చిన దానిని ఇచ్చటి జానపదుడు చాప పరచి చూపెను.

ఈ సత్యమును కాదన్న సిద్ధాంతమొకటి ఈ దేశమును చాలకాలము ఏలినది. పదునెనిమిదవ శతాబ్దమున కుంపిణీ సేనలలో తెలుగు సిపాయిల ప్రాముఖ్యము ఎంతయనగా, ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరే ఏర్పడెను. అట్టి తెలుగువారు నూరేండ్లు తిరుగునప్పటికి యుద్ధమునకు పనికిరానివారైరట! 1885 నుండి 1893 వరకు భారత ప్రధాన సేనాధిపతిగా నున్న రాబర్ట్సు మున్నగువారు శౌర్యము కొన్ని జాతుల నెత్తుటిలోనే యుండునని నమ్మిరి. ఆ నమ్మకము ఫలితముగా దక్షిణాది కొలువులు తరిగి, పంజాబు, నేపాళ ప్రాంతముల కొలువులు పెరిగినవి. ఒకనాడు కొనియాడబడిన జాతి నెత్తురు మరునాటికి పలుచనగునా? మారినది నెత్తురు కాదు. నమ్మకము, శిక్షణము, అవకాశము. బ్రహ్మనాయుడు రాబర్ట్సుకు ఏడువందల ఏండ్ల ముందే తద్విరుద్ధమైన సిద్ధాంతమును ఆచరించెనని గాథ చెప్పుచున్నది. వీరుడు పుట్టుకతో రాడు, పంక్తిలో తయారగును.

మరతుపాకులు వచ్చిన పిమ్మట ఈ నీతికి కాలము చెల్లినదని తోచవచ్చును. జరిగినది దానికి విరుద్ధము. 1914లో మొదలైన మహాయుద్ధమున బారులు తీరి నడచిన వేలాది సైనికులు మరతుపాకుల యెదుట గడ్డివలె కోయబడిరి. ఆ నష్టము నుండి పుట్టినదే చిన్నదళపు పద్ధతి. 1918 నాటికి జర్మనులు దానిని పెద్దయెత్తున ప్రయోగించిరి. పిమ్మట అన్ని సేనలును తమ తమ రీతుల స్వీకరించినవి. దాని మర్మము చెప్పుటకు సులభము, చేయుటకు దుష్కరము. దళములో ఒక భాగము కాల్పులతో శత్రువు తల యెత్తకుండ చేయును. రెండవ భాగము ఆ అండన ముందుకు ప్రాకును. తుది గజములలో మిగులునవి చేతిబాంబు, తుపాకికి బిగించిన బాకు. ముందుకు ప్రాకువాడు తన ప్రాణమును వెనుకనుండి కాల్చువాని చేతబెట్టి పోవును. కాల్పులు క్షణము ముందుగా ఆగినచో శత్రువు లేచును. క్షణము ఆలసించి ఆగినచో తనవాని గుండే తనకు తగులును. నాటి కుడిప్రక్క డాలునకు నేటి రూపము ఈ కాల్పుల అండయే. డాలు మారినది; పొరుగువానిపై ఆధారపడుట మాత్రము మారలేదు.

కార్గిలు యుద్ధములో హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్సు రెండవ బెటాలియనులో ఒక కంపెనీకి నాయకుడు. 1999 జూన్ 28న ద్రాస్ ప్రాంతములో శత్రుస్థావరమును పట్టుకొనుటకు సాగిన దాడిలో ముందున్న దళము తీవ్రమైన కాల్పులకు చిక్కి ఆగిపోవలసివచ్చెను. అతడు వెనుక నున్న దళమును తానే నడిపించుకొని ముందుకు పోయెను. తీవ్రముగా గాయపడి కదలలేని స్థితిలో, తన్ను విడిచి శత్రువుపై పడుడని అనుచరుల నాజ్ఞాపించి, తాను కాల్పులు సాగించుచు వారికి అండయై నిలిచెను. స్థావరము చేజిక్కెను, అతడు అసువులు బాసెను. మరణానంతరము మహావీర చక్రము లభించెను. ఒక్కని సాహసముగా ఈ వృత్తాంతమును చెప్పుకొనుట పరిపాటి. కాని అనుచరులు ఆ మాట విని ముందుకు పోకున్నచో ఆ సాహసము వ్యర్థమై యుండెడిది. నాయకుని విడిచి పొమ్మన్న యాజ్ఞ శిరసావహించుటకు నాయకునిపై ఎంత నమ్మకము కావలయునో ఊహింపవచ్చును.

2020 జూన్ 15 రాత్రి గల్వాను లోయలో కాలచక్రము మరింత వెనుకకు తిరిగినది. వాస్తవాధీన రేఖ చెంత కాల్పులు జరుపరాదన్న 1996 నాటి ఒప్పందము కారణముగా ఆ సంఘర్షణ తుపాకులతో గాక, ఇనుపకడ్డీలతో, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతో, రాళ్ళతో, చేతులతో జరిగినది. బీహారు రెజిమెంటు 16వ బెటాలియను అధిపతి, సూర్యాపేట వాసి కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గాయపడియు ముందు నిలిచి ప్రాణములర్పించెను. ఆ రాత్రి ఘటనలో నేలకొరిగిన భారత సైనికులు ఇరువదిమంది. వారు పెక్కు రాష్ట్రములవారు. తెలుగునేల బిడ్డ వెనుక అన్యభాషలవారు నిలిచిరనగా ఆ బంధము నెత్తుటిది కాదు, భాషది కాదు. ఒకే బారకులో నిదురించి, ఒకే లంగరులో రొట్టె తిని, ఒకే చలికి వణకిన బంధమది. లంగరు చాపకూటికి తోబుట్టువు.

ఇంతవరకు చాపకూటి బలము. దాని లోపమును కూడ పల్నాటి గాథ దాచలేదు. సంధిమాటలు నడచుచుండగా బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు యుద్ధమే కావలెనని రణమునకు దుమికెను. అతని వెంట వివిధ కులముల మిత్రులు అన్నదమ్ములై నడచిరి. వారిలో బ్రాహ్మణుడైన అనపోతును మాత్రము, బ్రహ్మహత్యా దోషము చుట్టుకొనునను భయముతో, ఒక నెపము పెట్టి వెనుకకు పంపివేసెనని కథ. మోసము తెలిసి అనపోతు ఆత్మార్పణము గావించుకొనెను. తొలి కత్తివేటు పడకమునుపే ఆ దళము ఒకనిని పోగొట్టుకొనినది; పోగొట్టినది శత్రువు కాదు, కులము. కలిసి తినుటకు చాలిన చాప కలిసి చచ్చుటకు చాలలేదు. ఇక పోరు ఫలితమో? ఇరుపక్షముల వీరులును నేలకూలిరి. కొంతకాలమునకు ఆ సీమ కాకతీయుల యేలుబడిలోనికి పోయెను.

కావున దళబంధము బలమే గాని ధర్మము కాదు. 1948లో షిల్సు, జానోవిట్జు అను ఇద్దరు పండితులు జర్మను సైన్యమును గూర్చి వ్రాయుచు, సైనికుని తుదివరకు నిలిపినది ముఖ్యముగా తన చిన్నదళముపై గల అనుబంధమే యనిరి. ఆ బంధము నాజీల ఘోరములకు కూడ ఊడిగము చేసినది. పల్నాటిలో ‘పౌరుషము’ అను మాటను వర్గకక్షలకు అలంకారముగా వాడువారు ఈ సంగతి తలపోయవలెను. రాత్రివేళ నాటుబాంబులతో పొరుగువాని యింటిపై పడు ముఠాకు కూడ కలిసి తిన్న కూడు, కలిసి చేసిన ప్రమాణము ఉండవచ్చును. అంతమాత్రమున అది వీరాచారము కాజాలదు. అది బాలచంద్రుని తొందరపాటునకు వారసత్వము. బ్రహ్మనాయుని చాపకు కాదు.

చాప వెడల్పెంత యనునదే అసలు ప్రశ్న. కన్నమదాసును సేనానిగా కొలిచిన యీ మైదానములలోనే, నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో 1985లోను, నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లోను దళితులు సాటి గ్రామస్థుల చేతనే వధింపబడిరి. అట్టి నేలపై ఏటికొకనాడు పరచు చాప చాలదు. 2001 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు పిమ్మట 2003 నుండి ఆంధ్ర ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలలో వండి వడ్డించుచున్న మధ్యాహ్న భోజనము, ఎవరు గుర్తించినను గుర్తింపకున్నను, ప్రతిదినము జరుగు చాపకూడే. మిరపకోతకు పోయిన కూలీల బిడ్డలును, చేను గలవారి బిడ్డలును అచ్చట ప్రక్కప్రక్కన కూర్చుండుట నిక్కముగా జరుగుచున్నదా లేదా యని కనిపెట్టి చూచుట పెద్దల విధి.

కారెంపూడి ఉత్సవ నిర్వాహకులు చేయదగిన పని యొకటి గలదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోను, ఇరుగుపొరుగు జిల్లాలలోను సైన్యమున పనిచేసి వచ్చినవారు ఊరూర నున్నారు. మందపోరునాడు వారిని పిలిచి, బడిపిల్లల నడుమ ఆ చాపపైననే కూర్చుండబెట్టి, గుండ్లవానలో ప్రక్కవాని కులమేమని ఎవరైన అడిగిరేమో చెప్పింపవలెను. ఆ సమాధానము విన్న పిమ్మట పిల్లలు గుడిలోని కత్తులను చూచుటకు పోవచ్చును.